ఎర్రచుక్కల కారు

కారును మెకానిక్ దగ్గర వదలాల్సి వస్తే, ముందురోజు సాయంత్రమే హోసియత్ గోళ్ళరంగు సీసా పట్టుకుని బానెట్ ఎత్తుతుంది. బ్యాటరీ మీద ఒక చుక్క, ఫ్యాను మోటారు మీద ఒకటి, చక్రాలకు లోపలివైపు నాలుగు, రబ్బరు గొట్టాల మీద, ప్లగ్గుల తీగల మీద, ఆఖరికి జాకీ మీద కూడా ఓ ఎర్రచుక్క పెడుతుంది. మొత్తం ముప్ఫై ఒకటి. తన గోళ్ళకు రంగు వేసుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు, సీసా మాత్రం ఏడాదికొకటి ఖాళీ అవుతుంది. కారు ఇంటికి రాగానే మోకాళ్ళ మీద కూర్చుని టార్చిలైటు వేసి చుక్కలన్నీ లెక్కపెట్టుకుంటుంది. ఒక్కటి తగ్గినా ఆ మెకానిక్‌కు ఆ పూట ముద్ద దిగనివ్వదు.

మా కోసన్‌సాయ్‌లో ఆమె సంగతి తెలియనివాళ్ళు లేరు. రొట్టె కొంటే ఒత్తి చూస్తుంది, వాసన చూస్తుంది, అడుగు మాడిందేమోనని దాన్ని తలకంటే పైకెత్తి పట్టుకుని కిందనుంచి చూస్తుంది. మాలో రొట్టెను బోర్లా తిప్పడం తప్పు కాబట్టి ఈ తంటా. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఎందుకు నవ్వారా అని ఇంటిదాకా ఆలోచిస్తూ వెళ్తుంది. ఎవరూ నవ్వకపోతే అదీ అనుమానమే.

పుట్టుకతో ఆమె ఇలాంటిది కాదు. మొగుడు కుద్రత్ లారీ డ్రైవరు. దూరంగా కోకంద్ పట్నంలో ఇంకో సంసారం పెట్టి పదకొండేళ్ళు నడిపాడు. లారీ సీటు కింద దొరికిన ఒక పసిపిల్ల చెప్పు వల్ల ఆ సంగతి హోసియత్‌కు తెలిసింది. మొగుడు చేసిన పని కంటే ఆమెను ఎక్కువగా కాల్చింది ఇంకొకటి. పేటలో అందరికీ అప్పటికే తెలుసు. తన ఇంటికొచ్చి, తను వండిన పలావు తిని, చేతులెత్తి దీవించి, నీ మొగుడు బంగారం అని మెచ్చుకుని వెళ్ళిన పెద్దలందరికీ తెలుసు. పదకొండేళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు. కుద్రత్‌ను ఆ వారమే బట్టల మూటతో సహా బయటికి పంపేసింది. పలావు తిన్నవాళ్ళను ఎక్కడికి పంపుతుంది? వాళ్ళ మధ్యే బతకాలి. అప్పటినుంచి ఎవరి మాటా నమ్మలేదు.

కుద్రత్ వదిలి వెళ్ళిన చిన్న తెల్లకారే ఆమెకు బతుకుతెరువైంది. రోజూ పొద్దున్నే నలుగురు టీచరమ్మలను కొండమీది పై ఊరి బడికి తీసుకెళ్ళి, మధ్యాహ్నం దించుతుంది. ఊళ్ళో కార్లన్నీ గ్యాసుకు మారిపోయినా నాలుగేళ్ళపాటు ఆమె పెట్రోలునే పట్టుకు వేలాడింది. డిక్కీలో బాంబులాంటి సిలిండరు పెట్టుకుని దాని ముందు కూర్చోవడమేమిటని ఆమె వాదన. ఈ ఏడు పెట్రోలు దొరకడమే గగనమైపోయింది. టీచరమ్మలు పక్క పేట వ్యానతణ్ణి ఆరా తీస్తున్నారని కూడా చెవినపడింది. ఇక తప్పక మారుఫ్ ఉస్తా దగ్గరికి వెళ్ళింది.

మా దగ్గర మేస్త్రిని ఉస్తా అంటాం. గ్యాసు అమర్చే ఉస్తాలకు బోర్డులూ రసీదులూ ఉండవు, వాళ్ళ పేరే వాళ్ళ బోర్డు. ఆ పేరు నిలబడినా పోయినా అది గ్యాసు బంకు ముందు వరసలోనే. పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా వరసలో నిలబడ్డవాళ్ళకు వేరే పనేముంటుంది? ఒక ఉస్తాను అక్కడ ఎవరైనా దొంగ అంటే, సాయంత్రానికి అతని షెడ్డు ముందు పిల్లి కూడా పడుకోదు. మారుఫ్ పేరు మాత్రం ఇరవై ఏళ్ళుగా చెక్కు చెదరలేదు. పశువుల సంత వెనకాల షెడ్డు, నలభై అయిదేళ్ళ వయసు, తక్కువ మాట. ఆ తక్కువ మాటే హోసియత్‌కు నచ్చలేదు. తప్పు చేసేవాళ్ళే అలా నోరు కట్టేసుకుంటారని ఆమె లెక్క.

రెండు రోజులు పనయితే రెండు రోజులూ ముక్కాలిపీట వేసుకుని, ఫ్లాస్కులో పచ్చ టీ పెట్టుకుని, కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది. మారుఫ్ ఇంజిను గాలి పీల్చుకునే గొట్టాల గుత్తిని విప్పి బయటికి తీసుకెళ్తే వెనకే లేచి వెళ్ళింది. ఇంజిను మీదే రంధ్రాలు చెయ్యొచ్చుగా, బయటికెందుకని నిలదీసింది. ఇనపపొట్టు లోపల పడితే ఇంజిను పాడవుతుందని అతను చెప్పాడు. నాలుగు రంధ్రాలు చేసి నాలుగు ఇత్తడి ముక్కులు బిగించాడు. వాటికి గ్యాసు ఇంజెక్టర్లు తగిలించాడు. వేడినీళ్ళు పోయే గొట్టాన్ని మధ్యలో కోసి, గ్యాసు ఒత్తిడి తగ్గించే డబ్బాకు దారి చేశాడు. కోసిన ముక్కలు, తీసేసిన క్లిప్పులు అన్నీ ఒక సంచిలో వేసి సాయంత్రం ఆమె చేతికిచ్చాడు. చెత్త నాకిచ్చి మంచివాడినని అనిపించుకుంటున్నాడు అనుకుని, ఆమె దాన్ని ఇంట్లో గొర్రెల దొడ్డి మూలకు విసిరేసింది.

అన్నిటికంటే ఆమెను కలవరపెట్టింది అరచేతిలో పట్టేంత కంట్రోలర్ పెట్టె. దానికి జడలాగా తీగల కట్ట ఉంది. అదేం చేస్తుందని అడిగింది.

"కారులో పుట్టుకతో వచ్చిన కంప్యూటరు పెట్రోలు ఇంత పొయ్యమని చెప్తుందక్కా. ఇది ఆ మాట విని, గ్యాసు ఎంత కావాలో లెక్క కట్టి, గ్యాసు ఇంజెక్టర్లకు చెప్తుంది. మధ్యవర్తి అన్నమాట."

"మధ్యవర్తుల్లో మంచోణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు," అంది హోసియత్.

మారుఫ్ చిన్నగా నవ్వి, పెట్టె పక్కనుంచి పోయే పెన్సిలంత రబ్బరు గొట్టాన్ని వేలితో చూపించాడు. ఇంజిను ఎంత గట్టిగా ఊపిరి పీలుస్తోందో పెట్టెకు తెలిసేది ఈ గొట్టం వల్లేనని, అన్నిట్లోకీ సున్నితమైంది ఇదేనని, దీన్ని మాత్రం ముట్టుకోవద్దని చెప్పాడు. ముట్టుకోవద్దన్నాడంటే ఏదో ఉంది అనుకుంది హోసియత్.

మర్నాడు ట్యూనింగు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని అతను పక్క సీట్లో కూర్చున్నాడు, ఆమె నడిపింది. బయల్దేరేముందు అతను ఎదుటి కొట్టు నుంచి నాలుగు బియ్యం బస్తాలు తెచ్చి వెనక సీట్లో వేశాడు. ఖాళీ కారుకు ట్యూను చేస్తే టీచరమ్మలు ఎక్కిన రోజు కొండెక్కదని అతని మాట. కొట్టువాడి బియ్యం తన కారులో, తన పెట్రోలుతో పైకి చేరేస్తున్నాడని హోసియత్‌కు వెంటనే తట్టింది. కొండ మీద ఎక్కడ దించుతాడా అని చూస్తూ నడిపింది. ఎక్కడా దించలేదు.

డ్యాం దాకా ఒకసారి పెట్రోలు మీద, అదే దారిలో ఇంకోసారి, అతను డిక్కీలో పెట్టిన సిలిండరులో ముందే ఉన్న కాస్త గ్యాసు మీద నడిపారు. తెర మీద పెట్రోలుకు ఒక ఎర్రగీత, గ్యాసుకు ఒక నీలంగీత. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. మొదట మధ్యలో పిడికెడు ఎడం ఉంది. మారుఫ్ అంకెలు మార్చాడు, మళ్ళీ ఎక్కించాడు, మళ్ళీ మార్చాడు. ఎత్తు ఎక్కేటప్పుడు గ్యాసు కాస్త తక్కువ పోతోందని పసిగట్టి, అక్కడొక్క చోట చిటికెడు పెంచాడు. నాలుగోసారికి గీతలు అతుక్కున్నాయి. మిషను నువ్వు చెప్పిందే చూపిస్తుంది కదా అని హోసియత్ అంది. తెర చూడొద్దు, కాలి కింద ఎలా ఉందో చెప్పమన్నాడు. కాలి కింద వెన్నలా ఉంది. ఆ మాట మాత్రం ఆమె పైకి అనలేదు.

ఆ సాయంత్రమే మొదటిసారి గ్యాసు పట్టించుకోవడానికి వెళ్ళింది. బంకులోకి పోయేముందు తనిఖీకి బానెట్, డిక్కీ బార్లా తెరిచి నిలబడాలి, అది మా బంకుల్లో నియమం. వరసలోవాళ్ళంతా వచ్చి కొత్త సామాన్ల మీద వాలిపోయారు. ఒకడు ఇంజెక్టర్లు మెరుస్తున్నాయన్నాడు. ఇంకొకడు ఇంత శుభ్రమైన పని తన జన్మలో చూడలేదన్నాడు. దిష్టి తగలకుండా దేవుడి పేరెత్తాలి, అది లేకుండానే మెచ్చుకున్నారు, అందరూ. హోసియత్‌కు దిష్టి భయం పట్టుకుంది. ఇన్ని కళ్ళు పడ్డాక ఏ వస్తువు మాత్రం నిలుస్తుంది?

ఇంటికి వెళ్ళగానే నీలం గుడ్డతో ముక్కోణపు తాయెత్తు కుట్టింది. అందులో ఇస్రిక్ గింజలు, దిష్టికి పొగ వేసేవి, ఇరవై ఒకటి లెక్కపెట్టి వేసింది. ఒక ఎండుమిరపకాయ, తెల్లచుక్కల నల్లపూస కూడా పెట్టింది. ఎక్కడ కట్టాలన్నది ఆలోచించనక్కర్లేకపోయింది. అన్నిట్లోకీ సున్నితమైంది ఇదే అని అతనే చూపించాడుగా. ఆ సన్న గొట్టానికే కట్టింది. ఎవరైనా ఊడదీసుకుపోతారేమోనని పళ్ళతో లాగి ఏడు ముళ్ళు వేసింది. అది పెట్టె వెనకాలకు జారి, ఎవరికీ కనబడకుండా కూర్చుంది. అదీ మంచిదే అనుకుంది.

సోమవారం ఊళ్ళో రోడ్డు మీద కారు బాగానే ఉంది. ఇంజిను కాగి, కొండ దారి మొదలవగానే దగ్గడం మొదలుపెట్టింది. రెండో మలుపులో ఎగిరెగిరి పడింది. టీచరమ్మలు ముందు సీటు పట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నారు. పెట్రోలుకు మారిస్తే ఏ నొప్పీ లేదు. మంగళవారమూ అదే వరస. అంటే తప్పు గ్యాసుది, గ్యాసు పెట్టినవాడిది. పని జరిగినంతసేపూ పక్కనే కూర్చుంది కాబట్టి అప్పుడు లెక్కపెట్టని చుక్కలను ఆ సాయంత్రం టార్చిలైటు వేసి లెక్కపెట్టింది. ముప్ఫై ఉన్నాయి. వేడినీళ్ళ గొట్టం మీది చుక్క లేదు. ఆమెకు లోపల ఎక్కడో ఒక పాత తృప్తి కలిగింది. నేననుకోలేదూ అనిపించే తృప్తి అది. దానికి ఆమె ఏళ్ళ తరబడి అలవాటుపడిపోయింది.

బుధవారం బంకు వరసలో ఆమె కారు వెనకే మారుఫ్ వచ్చి ఆగాడు, ఎవరిదో కారుకు గ్యాసు పట్టించడానికి. దిగి సలాం చెప్పాడు. హోసియత్ సలాం అందుకోలేదు.

"నా గొట్టం ఏం చేశావు?"

"ఏ గొట్టమక్కా?"

"చుక్క పెట్టిన గొట్టం. మంచిది తీసుకుని పాతది తగిలించావు. పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు నా కారులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్తున్నారు. దొంగపని చేసి మళ్ళీ సలాం ఒకటా?"

దొంగ అన్న మాటకు వరసంతా చెవులు రిక్కించింది. కోసిన ముక్కలన్నీ సంచిలో వేసి నీకే ఇచ్చాను కదక్కా అని మారుఫ్ నెమ్మదిగా అన్నాడు. చెత్త సంచి సంగతి ఎత్తొద్దని ఆమె గయ్యిమంది. గేటు దగ్గర వరస చూసే నబీ తాత కర్ర తాటించుకుంటూ వచ్చాడు. ఆయన రిటైరైన లెక్కల మేష్టారు, పేటకు పెద్ద. పసిపిల్లల్ని తిప్పే తోపుడుబండిలో రొట్టెలు పెట్టుకుని అమ్మే ముసలామె దగ్గర ఒక రొట్టె తీసి మారుఫ్ ముందు పట్టాడు. రొట్టె మీద చెయ్యేసి, తియ్యలేదని ఒక్కమాట అంటే అయిపోతుంది, ఇక ఎవరూ నోరెత్తరు. మాలో రొట్టె మీద అబద్ధమాడేవాడు లేడు.

మారుఫ్ రొట్టె వంక చూశాడు. మొహం ఎర్రబడింది.

"రబ్బరు గొట్టం కోసం రొట్టె ముట్టుకోను తాతా. బానెట్ ఎలాగూ తెరిచే ఉంది. చూద్దాం పదండి."

వరసలో గుసగుసలు లేచాయి. ప్రమాణం చెయ్యనన్నాడంటే అర్థమేమిటి? నీలం వ్యాను రహ్మతుల్లా, రేపు గ్యాసు పెట్టించుకోవడానికి ఇతనికే మాటిచ్చినవాడు, మీసం కొరుక్కున్నాడు.

మారుఫ్ లాప్‌టాప్ తెచ్చి తీగ తగిలించాడు. హోసియత్‌ను ఇంజిను రేపమన్నాడు. ఇంజిను అరుస్తోంది గానీ తెర మీద ఒత్తిడి అంకె నిద్రమొహంతో కదులుతోంది. అతను బానెట్ కిందికి వంగి సన్న గొట్టం వెంట వేళ్ళు పోనిచ్చాడు. హోసియత్ దిగివచ్చి రెండోవైపు నుంచి వంగింది, ఏం మారుస్తాడో చూద్దామని. పెట్టె వెనకాల అతని వేళ్ళు ఆగిపోయాయి.

నీలం గుడ్డ. దారం వేడికి మెత్తబడ్డ రబ్బరులోకి దిగిపోయి గొట్టాన్ని నొక్కేసింది.

మారుఫ్ ఒక్కసారి తలెత్తి ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆమె ఎంత వెతికినా కనబడలేదు. అతను తాయెత్తును అరచేత్తో కప్పి, చిన్న కత్తితో దారం కోసి, చొక్కా చేతిలోకి తోసేశాడు. తల బయటపెట్టి, మసి తుడుచుకుంటూ అందరికీ వినబడేలా చెప్పాడు.

"నాదే తప్పు. సన్న గొట్టానికి క్లిప్పు గట్టిగా బిగించాను, నొక్కుకుపోయింది. అక్క కారుకు ఇప్పుడేం కాదు."

నబీ తాత రొట్టెను తిరిగి బండిలో పెట్టి, ఉస్తా అనేవాడికి చెయ్యి ఎంత శుభ్రంగా ఉండాలో చెప్పడం మొదలుపెట్టాడు. మారుఫ్ తల వంచుకుని విన్నాడు. రహ్మతుల్లా రేపు తనకు వీలుకాదని, తర్వాత చూద్దామని అన్నాడు. అతని వెనకాలవాడు కూడా ఏదో అడ్డం చెప్పాడు. హోసియత్ నోట్లో నాలుక ఉంది, అది కదల్లేదు. గ్యాసు పట్టించుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

గురువారం కారు కొండను ఆడుతూ పాడుతూ ఎక్కింది. వాడికి బాగా బుద్ధి చెప్పావని టీచరమ్మలు మెచ్చుకున్నారు. హోసియత్ బుర్ర వేరే పనిలో ఉంది. ఇతను ఎందుకలా చేశాడు? రేపేదో అడగడానికే. తన నోరు కట్టేసి, ఎప్పటికీ గుప్పెట్లో పెట్టుకోవడానికే. ఈ రోజో రేపో కబురు పంపుతాడని ఎదురుచూసింది. గురువారం రాలేదు. శుక్రవారం సంత మీదుగా పోతూ షెడ్డు వైపు చూసింది. ముందు ఒక్క కారూ లేదు. మారుఫ్ ముక్కాలిపీట మీద కూర్చుని, తోముకోవాల్సిన పనిలేని పనిముట్లు తోముకుంటున్నాడు.

ఇంటికొచ్చి గొర్రెలకు మేత వేస్తుంటే మూలనున్న సంచి కాలికి తగిలింది. కూర్చుని విప్పింది. తుప్పు క్లిప్పులు, తీగముక్కలు, అడుగున జానెడు రబ్బరు గొట్టం. దాని మీద ఎర్రచుక్క.

ముప్ఫై ఒకటోది తన ఇంట్లోనే ఉంది. అప్పుడు కోకంద్ గుర్తుకొచ్చింది. తనకు ఏమీ తెలియనప్పుడు ఊరందరికీ తెలుసు. ఇప్పుడు ఊరెవరికీ తెలియనిది తనకొక్కదానికీ తెలుసు. తెలిసీ రెండు రోజులుగా టీచరమ్మల మెప్పు మింగుతూ కూర్చుంది, ఒకప్పుడు తన పలావు మింగినవాళ్ళలాగే. వాళ్ళను ఎన్ని శాపనార్థాలు పెట్టింది! ఆ రాత్రి ఆమె తనను తాను అసహ్యించుకుంది.

శనివారం సంతరోజు, బంకు ముందు వరస రోడ్డు దాకా ఉంది. హోసియత్ కారు దిగి గొట్టం ముక్క చేత్తో పట్టుకుని గేటు ముందు నిలబడింది. గొట్టం దొంగతనం కాలేదని, తన దొడ్లోనే ఉందని చెప్పింది. సన్న గొట్టాన్ని నొక్కింది క్లిప్పు కాదు, తను కట్టిన తాయెత్తని చెప్పింది.

ఎవరూ నమ్మలేదు. మారుఫ్ వచ్చి బతిమాలాడేమోనని ఒకడన్నాడు. ఆడమనిషి జాలిగుండె అని ఇంకొకడన్నాడు. తాయెత్తు ఉంటే వాడే ఆ రోజు చూపించేవాడుగా, దొంగ అనిపించుకుని ఎవడైనా ఊరుకుంటాడా అని రహ్మతుల్లా తర్కం తీశాడు. ఇన్నేళ్ళూ తను అందరితో మాట్లాడింది ఈ గొంతుతోనేనని హోసియత్‌కు అప్పుడు వినబడింది.

"అమ్మాయ్, వాడు నిన్నేమైనా బెదిరించాడా? భయపడకుండా చెప్పు," అన్నాడు నబీ తాత.

హోసియత్ పిల్లల బండిలోంచి ఒక రొట్టె తీసుకుంది. ఒత్తలేదు, వాసన చూడలేదు. ఎడమ అరచేతిలో పెట్టుకుని దాని మీద కుడిచెయ్యి వేసింది.

"నేను చెప్పింది అబద్ధమైతే ఈ రొట్టె నన్ను కొట్టాలి. కట్టింది నేనే. మారుఫ్ చూశాడు. నా పరువు పోకూడదని తన పేరు పోగొట్టుకున్నాడు. నేను తెలిసీ నోరు మూసుకున్నాను. తెలిసీ నోరు మూసుకోవడం ఎలా ఉంటుందో మీలో పెద్దవాళ్ళకు తెలుసు. నాకు చాతకాదు తాతా. మూడు రోజులకే చాతకాలేదు."

నబీ తాత కర్ర వంక చూసుకున్నాడు. ఆమె ఇంటి పలావు ఆయన కూడా తిన్నాడు, చేతులెత్తి దీవించాడు. ఆయనే ముందుకొచ్చి, ఆమె చేతిలోని రొట్టెలోంచి ఒక ముక్క తుంచుకుని నోట్లో వేసుకున్నాడు. నమిలి మింగడానికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం ఆమె షెడ్డుకు వెళ్ళేసరికి రహ్మతుల్లా నీలం వ్యాను ముందే ఉంది. మారుఫ్ దాని కిందనుంచి బయటికొచ్చి, చేతులు కడుక్కుని, అలమార లోంచి తాయెత్తు తీసి ఇచ్చాడు. మసి లేకుండా ఉతికి ఆరబెట్టాడు. దారం కొత్తది. అద్దానికి కట్టుకోమని చెప్పాడు.

"గింజలు లెక్కపెట్టుకో అక్కా," అన్నాడు నవ్వుతూ.

"అక్కర్లేదులే తమ్ముడూ," అంది.

సంత మలుపు తిరిగాక కారు పక్కకు ఆపింది. కుట్టు విప్పి, గింజలు ఒళ్ళో పోసుకుని లెక్కపెట్టింది. ఇరవై ఒకటీ ఉన్నాయి. తన బుద్ధికి తనకే నవ్వొచ్చింది. నవ్వుతూనే, లారీలో చెప్పు దొరికిన రోజున కూడా రాని ఏడుపు అక్కడ, స్టీరింగు మీద తల పెట్టుకుని, ఏడ్చేసింది.